కంపెనీ వదిలేసిన ల్యాప్‌టాప్‌కి బయోస్ ఎవరు చూస్తారు? మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత ల్యాప్‌టాప్‌లో కంపెనీ బయోస్ (పవర్ నొక్కగానే మెషీన్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్) తీసేసి కోర్‌బూట్, దాన్నే తీసుకుని సిద్ధంగా కట్టి ఇచ్చే లిబ్రెబూట్ లాంటి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్) పెట్టుకోవడం గురించి చాలా ప్రశ్నలు పేరుకుపోయాయి. ఒక్కో సంచికలో ఒక్కోటి వేసుకుంటూ పోతే ఎప్పటికీ తెగదు కాబట్టి ఈసారి మొత్తం పేజీలు దీనికే ఇచ్చేశాం. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం, పొడుగు ఉత్తరాల్ని కుదించాం, ఏమనుకోవద్దు.

ప్రశ్న: నా దగ్గర థింక్‌ప్యాడ్ ఎక్స్230 ఉందండీ. లైనక్స్ హాయిగా నడుస్తోంది, బయోస్‌తో ఇబ్బందేం లేదు. అయినా ఎవర్ని కదిలించినా కోర్‌బూట్ పెట్టుకో అంటున్నారు. అసలు అది చేసే పనేంటి, నాకెందుకు?

జవాబు: ఇబ్బంది లేకపోతే పెట్టుకోకపోయినా కొంపలేం మునగవండీ, ముందే చెప్పేస్తున్నా. కానీ అది ఏం చేస్తుందో తెలిస్తే జనం దానికోసం ఎందుకంత తిప్పలు పడుతున్నారో మీకే అర్థమవుతుంది.

పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ వెళ్లి చూసే మొదటి చోటు 4 జీబీ అడ్రస్‌కి సరిగ్గా 16 బైట్లు కింద ఉంటుంది, అక్కడ దొరికేది బోర్డు మీదున్న చిన్న ఫ్లాష్ చిప్‌లోని కోడ్. ఆ క్షణానికి ర్యామ్ స్లాట్లో ఉందే గానీ వాడ్డానికి పనికిరాదు, దాన్ని ఇంకా ఎవరూ సెట్ చెయ్యలేదు కదా. అందుకని కోర్‌బూట్ మొదట ప్రాసెసర్ లోపలున్న కాష్‌నే కాసేపు ర్యామ్‌లా వాడుకుని, ర్యామ్ స్టిక్ మీదున్న చిన్న చిప్‌లోంచి దాని వివరాలు చదివి, ఏ సిగ్నల్ ఎంత ఆలస్యంగా వస్తోందో కొలుచుకుంటూ మెమరీని దారికి తెస్తుంది, దీన్నే ట్రైనింగ్ అంటారు, మొత్తం ఫర్మ్‌వేర్‌లో కష్టమైన ముక్క ఇదే. అది అయ్యాక మిగతా డివైజ్‌లు వెతికి, ఆపరేటింగ్ సిస్టమ్‌కి కావాల్సిన టేబుల్స్ రాసిపెట్టి, పేలోడ్ అనే ఇంకో ప్రోగ్రామ్‌కి పగ్గాలు ఇచ్చేసి పక్కకి తప్పుకుంటుంది. పేలోడ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని వెతికి లేపే ప్రోగ్రామ్, పాత బయోస్ పద్ధతికి సీబయోస్ కావచ్చు, గ్రబ్ కావచ్చు, కొత్త యూఈఎఫ్ఐ పద్ధతి కావాలంటే ఈడీకే2 కావచ్చు. కోర్‌బూట్‌కి మీ హార్డ్‌డిస్క్‌లో ఏముందో తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు, ఆ పని పేలోడ్‌ది.

ఇది నిన్నా మొన్నా వచ్చింది కూడా కాదు. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ నేషనల్ ల్యాబ్‌లో రాన్ మిన్నిక్ లైనక్స్‌బయోస్ పేరుతో మొదలుపెట్టారు, 2008లో కోర్‌బూట్ అయింది. క్రోమ్‌బుక్‌లు ఫ్యాక్టరీ నుంచే దీంతో వస్తాయి, అంటే తెలీకుండానే ఎంతోమంది వాడేస్తున్నారన్నమాట.

ఇక మీకెందుకు అంటే, మీ ఎక్స్230 వైఫై కార్డు మార్చి చూడండి. లెనోవో లిస్టులో లేని కార్డు పెడితే బయోస్ బూట్ కానివ్వదు, కోర్‌బూట్‌లో ఆ లిస్టే లేదు. రెండోది, 2012 నాటి మెషీన్ బయోస్‌లో రేపు ఏదన్నా రంధ్రం బయటపడితే కంపెనీ వచ్చి పూడుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. సోర్స్ చేతిలో ఉంటే ఎవరో ఒకరు పూడ్చే అవకాశమైనా ఉంటుంది. ఈ రెండూ మీకు పట్టవు అనుకుంటే వదిలెయ్యండి, నిజంగా.

ప్రశ్న: ఏ మోడల్స్‌కి పనిచేస్తుంది? పాతదైతే ఏదైనా పర్లేదా?

జవాబు: పాతదైతే చాలు అనుకోవడమే అందరూ పడే గొయ్యి. ఒక్కో బోర్డుకి ఎవరో కూర్చుని విడిగా పోర్ట్, అంటే ఆ బోర్డుకి సరిపడే కోడ్, రాసి ఉండాలి. బాగా నలిగిన దారి థింక్‌ప్యాడ్‌లదే: ఎక్స్60, టీ60 కాలం నుంచి ఎక్స్200, టీ400, తర్వాత ఎక్స్220, టీ420, ఎక్స్230, టీ430, ఆ పైన టీ440పీ. వేరే కంపెనీలవీ ఉన్నాయి కానీ సమస్య వస్తే అడగడానికి పదిమంది ఉండేది వీటికే.

2013లో హాస్‌వెల్ తరం నుంచి ఇంటెల్ బూట్ గార్డ్ అని ఒకటి పెట్టింది. కంపెనీ తన కీ వివరాన్ని చిప్‌సెట్‌లో ఫ్యూజులుగా కాల్చేస్తుంది, ఆ కీతో సంతకం లేని ఫర్మ్‌వేర్‌ని మెషీన్ ఒప్పుకోదు, మీరు సోర్స్ మొత్తం రాసుకొచ్చినా అంతే. టీ440పీలో అది ఆన్ చెయ్యలేదు కాబట్టి బతికిపోయింది. ఆ తర్వాతి వాటిలో టీ480 కథ వేరు, 2017లో బయటపడ్డ ఇంటెల్ ఎంఈ (మేనేజ్‌మెంట్ ఇంజిన్, చిప్‌సెట్‌లో విడిగా నడిచే చిన్న కంప్యూటర్) లోపాన్ని పట్టుకుని బూట్ గార్డ్‌ని తప్పించే దారి కనుక్కున్నారు, 2024 చివర్లో లిబ్రెబూట్‌లోకి వచ్చింది. అంటే కంపెనీ తాళం బాగా వేసి ఉంటే మనకీ దారి ఉండేది కాదు, ఇందులో నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం.

కాబట్టి మెషీన్ కొనేముందు కోర్‌బూట్ డాక్యుమెంటేషన్‌లో మీ మోడల్ పేజీ చదవండి. పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే బోర్డే, టీ430కీ టీ430ఎస్‌కీ ఒకే రామ్ ఫైల్ (ROM, అంటే ఫ్లాష్ చిప్‌లో రాసే ఫర్మ్‌వేర్ ఫైల్) వెయ్యకూడదు.

ప్రశ్న: సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (ఫ్లాష్ చిప్‌ని బయట నుంచి చదివి రాసే చిన్న బోర్డు), చిప్ కాళ్లని పట్టుకునే క్లిప్ తెచ్చుకుని ఎక్స్230 చిప్ చదివానండీ. చదివిన ప్రతిసారీ ఫైల్ చెక్‌సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకె) వేరేగా వస్తోంది. ఎలాగూ కొత్తది రాసేదే కదా, బ్యాకప్ సంగతి వదిలేసి రాసెయ్యొచ్చా?

జవాబు: వద్దు! దయచేసి ఆగండి. చదవడమే నిలకడగా లేదంటే రాయడం అంతకన్నా ఘోరంగా ఉంటుంది, పైగా పాత డంప్ (చిప్‌లోంచి చదివి దాచుకున్న కాపీ) లేకుండా రాస్తే వెనక్కి రావడానికి దారి ఉండదు.

ముందు ఆ ప్రోగ్రామర్ సంగతి. నల్ల బోర్డు సీహెచ్341ఏలలో ఒక రోగం ఉంది, చిప్‌కి పవర్ 3.3 వోల్టులే ఇచ్చినా డేటా పిన్నుల మీద 5 వోల్టులు వస్తాయి. ఎక్స్230లో ఉండేవి 3.3 వోల్టుల చిప్‌లు. చాలామంది దీంతోనే చేసి ఏమీ కాలేదు అంటారు, నిజమే, కానీ చిప్ ఒక్కటే కాదు, ఆ తీగలు చిప్‌సెట్ దాకా వెళ్తాయి. నన్నడిగితే రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు తీసుకుని, దాన్ని ప్రోగ్రామర్‌గా మార్చే సెర్‌ప్రోగ్ ఫర్మ్‌వేర్ అందులో వేసుకోండి, అది పుట్టుకతోనే 3.3 వోల్టులు.

ఇప్పుడు చదవడం. ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి, కీబోర్డు, పామ్‌రెస్ట్ విప్పితే రెండు ఎనిమిది కాళ్ల చిప్‌లు కనిపిస్తాయి, ఒకటి 8 ఎంబీ, ఇంకోటి 4 ఎంబీ, రెండూ కలిపి 12 ఎంబీ ఒకే ముక్కలా మెషీన్‌కి కనిపిస్తుంది. ప్రతి చిప్ మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అదే ఒకటో కాలు, క్లిప్ ఎర్ర తీగ అటే రావాలి. క్లిప్ పెట్టాక కదలకుండా కూర్చుందో లేదో చూడండి, కాళ్ల మీద పూతలా ఏమన్నా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తీగలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, జానెడు దాటితేనే తేడాలు మొదలవుతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, మీరు చిప్‌కి ఇచ్చే కరెంటు చిప్‌తో ఆగదు, బోర్డు మీద దాని పక్కనున్నవి కూడా అందులోంచే తాగేస్తాయి, వోల్టేజ్ పడిపోయి బిట్లు తారుమారవుతాయి. అందుకని ఎస్‌పీఐ స్పీడ్ (చిప్‌తో మాట్లాడే వేగం) తగ్గించి చదివి చూడండి.

చిప్ చదివి రాసే ఫ్లాష్‌రామ్ ప్రోగ్రామ్ మీ చిప్‌కి రెండు మూడు పేర్లు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంటే అది ఎర్రర్ కాదు, మాక్రోనిక్స్ చిప్‌లలో కొన్ని ఒకే ఐడీ చెబుతాయి. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చిప్ మీది అక్షరాలు చదివి ఆ పేరే ఇవ్వండి.

వరసగా మూడుసార్లు చదివితే మూడు చెక్‌సమ్‌లూ ఒకటే రావాలి. అది కూడా చాలదు, ఎందుకంటే క్లిప్ అసలు తగలకపోయినా మొత్తం ఎఫ్ఎఫ్‌లు (ఖాళీ బైట్లు) చదివి మూడుసార్లూ ఒకే చెక్‌సమ్ చూపిస్తుంది! 8 ఎంబీ చిప్ డంప్‌ని బైట్లని నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడండి, మొదటి 16 బైట్లు ఎఫ్ఎఫ్‌లు, ఆ వెంటనే 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ అని నాలుగు బైట్లు కనిపించాలి. అది ఇంటెల్ డిస్క్రిప్టర్ (చిప్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) ముద్ర. తర్వాత రెండు చిప్‌ల డంప్‌లనీ 8 ముందు, 4 వెనక అతికించి ఆ పట్టికని చదివే ఐఎఫ్‌డీటూల్‌తో లేఅవుట్ చూస్తే డిస్క్రిప్టర్, ఈథర్నెట్, ఎంఈ, బయోస్ అని నాలుగు భాగాలు చక్కగా విడిపోవాలి. అప్పుడు మాత్రమే అది బ్యాకప్.

ఆ ఫైల్‌ని ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకోకండి బాబూ, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే కంప్యూటర్‌లో ఒకటి. ఇంకెవరిదో డంప్ తెచ్చి వేసుకుంటే నడుస్తుందిగా అని కొందరు అడిగారు. అందులో ఈథర్నెట్ భాగంలో వాళ్ల మ్యాక్ అడ్రస్ ఉంటుంది, మీ మెషీన్ వాళ్ల మెషీన్ వేషం వేసుకుని తిరుగుతుంది, ఎందుకొచ్చిన గొడవ.

ప్రశ్న: ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ని పూర్తిగా తీసెయ్యొచ్చా? తీసేస్తే అరగంటకి ల్యాప్‌టాప్ ఆగిపోతుందట కదా?

జవాబు: మోడల్ని బట్టి. ఎక్స్60లో ఆ తలనొప్పి లేదు. ఎక్స్200, టీ400 తరంలో డిస్క్రిప్టర్ మార్చి దాని ఫర్మ్‌వేర్ మొత్తం పీకెయ్యొచ్చు, మెషీన్ కిక్కురుమనదు. ఆ తర్వాతి తరాల నుంచే మీరు విన్న అరగంట కథ, ఎంఈకి సరైన ఫర్మ్‌వేర్ దొరక్కపోతే 30 నిమిషాలకి మెషీన్ దానంతటదే ఆగిపోతుంది.

ఎక్స్220, ఎక్స్230 లాంటి వాటికి ఎంఈ క్లీనర్ వాడతారు. ఇది ఎంఈని చంపదు, మొదట లేవడానికి అవసరమైన చిన్న ముక్క ఉంచి మిగతా మాడ్యూల్స్ తీసేస్తుంది, నెట్‌వర్క్ వైపు తొంగిచూసే కోడ్ పోతుంది, అరగంట గడియారమూ మోగదు. ఎక్స్230లో సుమారు 5 ఎంబీ ఉన్నది 100 కేబీ లోపుకి కుదించుకుపోతుంది, మిగిలిన చోటు మీ పేలోడ్‌కి వాడుకోవచ్చు. కొత్త తరాల్లో హ్యాప్ అనే బిట్ ఉందని 2017లో పాజిటివ్ టెక్నాలజీస్ వాళ్లు బయటపెట్టారు, అది పెడితే ఎంఈ లేచి తన పని చూసుకుని నిద్రపోతుంది. పూర్తిగా పోయింది అని ఎవరన్నా అమ్మితే మాత్రం నమ్మకండి.

ప్రశ్న: మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) కూడా సోర్స్ ఇవ్వని కంపెనీ బైనరీనే కదా. అది లేకుండా పెడితేనే అసలైన స్వేచ్ఛ అని ఒకాయన, అది లేకుండా పెట్టడం మూర్ఖత్వం అని ఇంకొకాయన. ఎవరు కరెక్టు?

జవాబు: ఈ గొడవ ప్రాజెక్టుల్నే చీల్చింది, మనమెంత! లిబ్రెబూట్ మొదట్లో బైనరీ ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు అనేది, ఆ పద్ధతిలోనే 2013 చివర్లో ఒక ఎక్స్60 ల్యాప్‌టాప్‌కి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. 2022 నవంబర్‌లో పాలసీ మార్చుకున్నారు, వీలైనంత తగ్గిద్దాం, తప్పనిది ఉంచుదాం, మైక్రోకోడ్ మామూలుగా ఇద్దాం అని. పాత పద్ధతే కావాలన్నవాళ్లకి గ్నూ బూట్, కానోబూట్ ఉన్నాయి.

నా మాట అడిగితే మైక్రోకోడ్ పెట్టుకోండి. ప్రాసెసర్ లోపల ఫ్యాక్టరీలో వేసిన మైక్రోకోడ్ ఎలాగూ ఉంది, దాన్ని మీరు తియ్యలేరు. అప్‌డేట్ వేసుకోకపోతే బైనరీ లేనట్టు కాదు, తప్పులున్న పాత బైనరీతో ఉన్నట్టు. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం గొడవ బయటపడ్డాక వచ్చిన రక్షణల్లో కొన్ని ఆ అప్‌డేట్‌లు ఉంటేనే పనిచేస్తాయి. అవతలి పక్షం బాధ నాకు అర్థం కాక కాదు, సంతకం ఉన్న బైనరీని చదవలేం, మార్చలేం, అది నిజంగానే చిరాకు. అయినా సరే.

ప్రశ్న: మా మోడల్ కోర్‌బూట్ లిస్టులో ఎప్పట్నుంచో ఉంది. హార్డ్‌వేర్ మారదు, పోర్ట్ రాసేశారు. ఇంకా మెయింటెయిన్ చెయ్యడానికి ఏముంది? మెయింటెయినర్లు కావాలి కావాలి అని ఎందుకంటున్నారు?

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఈ పేజీలన్నీ అనుకోండి.

మీ హార్డ్‌వేర్ మారదు, నిజం. కానీ దాని కింద నేల మారుతుంది. కోర్‌బూట్‌లో మీ బోర్డుకి సొంతంగా ఉండేది కొద్ది ఫైళ్లే, ఏ పిన్ను దేనికి, యూఎస్‌బీ పోర్టులు ఏవేవి, ప్యానెల్ ఏంటి లాంటివి. మిగతాదంతా పదుల కొద్దీ బోర్డులు పంచుకునే కోడ్, చిప్‌సెట్ కోడ్, మెమరీ కోడ్, పవర్, నిద్ర లాంటివి చూసే ఏసీపీఐ కోడ్. కొత్త మెషీన్ల కోసం వాటిని రోజూ ఎవరో ఒకరు మారుస్తూనే ఉంటారు, వాళ్లు మార్చింది మీ పాత బోర్డు మీద ఎలా నడుస్తుందో చూడ్డానికి వాళ్ల దగ్గర మీ బోర్డు ఉండదు.

ప్రతి ప్యాచ్ (కోడ్ మార్పు) గెరిట్ అనే సైట్‌లో రివ్యూకి వస్తుంది, జెంకిన్స్ అనే ఆటోమేటిక్ సర్వర్ ప్రోగ్రామ్ దాన్ని లిస్టులోని బోర్డులన్నిటికీ బిల్డ్ చేసి చూస్తుంది. బిల్డ్ అయితే చాలదు కదా. బిల్డ్ అయి, స్క్రీన్ వచ్చి, లైనక్స్ లేచి, అంతా బావుందనుకున్నాక మూత మూసి తెరిస్తే నిద్రలోంచి లేవకపోవచ్చు. లేదా బ్రైట్‌నెస్ కీలు పనిచెయ్యకపోవచ్చు, డాక్ మీద పెడితే యూఎస్‌బీ పోవచ్చు, ఒక కంపెనీ ర్యామ్‌తో లేచి ఇంకో కంపెనీ ర్యామ్‌తో లేవకపోవచ్చు. ఇవేవీ సర్వర్‌లో కూర్చున్న జెంకిన్స్‌కి కనపడవు, ఒక మనిషి ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మూత మూసి తెరవాల్సిందే.

చూసేవాళ్లు లేకపోతే ఏమవుతుందంటే, 2019 నవంబర్‌లో కోర్‌బూట్ 4.11 రిలీజ్ వచ్చింది. ఆ తర్వాత నుంచి పాత పద్ధతిలో బూటయ్యే కోడ్‌ని మొయ్యలేమని, బూట్‌బ్లాక్ (మొట్టమొదట నడిచే ముక్క) సీ భాషలో ఉండాలి, ర్యామ్‌స్టేజ్ (ర్యామ్ సిద్ధమయ్యాక నడిచే ముక్క) మెమరీలో ఎక్కడికైనా జరిపేలా ఉండాలి లాంటి షరతులు పెట్టారు. మార్చడానికి మనుషులు ఉన్న ప్లాట్‌ఫామ్‌లు మిగిలాయి, లేనివి సోర్స్ చెట్టు నుంచి తీసేశారు. చాలామంది ఇష్టంగా వాడిన ఏసుస్ కేజీపీఈ-డీ16 అనే సర్వర్ బోర్డు అలాగే పోయింది, దాన్ని వదలనివాళ్లు 4.11 బ్రాంచ్ పట్టుకునే ఉన్నారు. అదే సమయంలో అంతకన్నా పాతదైన 2006 నాటి ఎక్స్60 నిలబడింది! కారణం వయసు కాదు, దాని చిప్‌సెట్ కోడ్‌ని కొత్త పద్ధతికి మార్చి, బోర్డు మీద వేసి చూసి, ప్యాచ్ పంపినవాళ్లు ఉన్నారు. అంతే తేడా. తీసేసిన కోడ్ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే చోట) ఎప్పటికీ ఉంటుంది అంటారు, ఉంటుంది, కానీ రెండేళ్ల తర్వాత దాన్ని తెచ్చి మళ్లీ అతికించాలంటే మధ్యలో మారినవన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఇంకో పని తప్పు ఎక్కడ దూరిందో వెతకడం. పోయినేడాది వెర్షన్‌లో నిద్రలోంచి లేచేది ఇప్పుడు లేవట్లేదు అనుకోండి, మధ్యలో వెయ్యి కమిట్‌లు (నమోదైన మార్పులు) ఉంటే గిట్ బైసెక్ట్‌తో సగానికి సగం కోసుకుంటూ పోతే దాదాపు పది అడుగుల్లో దొరుకుతుంది. వినడానికి తేలికే, మామూలు సాఫ్ట్‌వేర్‌లో అయితే టీ తాగేలోపు అయిపోతుంది. ఇక్కడ ఒక్కో అడుగుకీ బిల్డ్ చెయ్యాలి, ఫ్లాష్ చెయ్యాలి, బూట్ చెయ్యాలి, మూత మూసి తెరవాలి, మధ్యలో ఒక కమిట్ అసలు బూటే కాకపోతే మళ్లీ విప్పి క్లిప్ పెట్టాలి. అందుకే దీనికి దిగేవాళ్లు కీబోర్డు స్క్రూలు బిగించడం మానేస్తారు.

స్క్రీన్ నల్లగా ఉంటే లోపల ఏం జరిగిందో తెలుసుకోవడం ఇంకో కళ. పాత డాక్‌లలో సీరియల్ పోర్ట్ ఉంటే అదృష్టం, యూఎస్‌బీ డీబగ్ పోర్ట్ ఉంటే దానికి తగిన డివైజ్ కావాలి, ఏదీ లేకపోతే లాగ్‌ని ఫ్లాష్ చిప్‌లోనే రాయించి తర్వాత క్లిప్‌తో చదువుకోవచ్చు. ఓపిక ఉన్నవాళ్ల పని, జీతం కూడా ఉండదు చాలామందికి.

ప్రశ్న: నాకు సీ భాష రాదు. ల్యాప్‌టాప్ ఉంది, టైముంది. ఏమన్నా చెయ్యగలనా?

జవాబు: మీలాంటి వాళ్లే కరువండీ. కోడ్ రాసేవాళ్లకి ఉన్నది కోడ్ రాయడం, లేనిది మీ బోర్డు. కొత్త రిలీజ్ వచ్చినప్పుడు బిల్డ్ చేసి వేసుకుని, బూటయ్యాక సీబీమెమ్ టూల్‌తో లాగ్ తీసి, బోర్డ్ స్టేటస్ రిపోజిటరీకి పంపండి, దానికి స్క్రిప్ట్ కోర్‌బూట్ సోర్స్‌లోనే ఉంది. ఫలానా కమిట్ ఫలానా బోర్డు మీద బూటయింది అన్న ఆ ఒక్క రికార్డు రేపు తప్పు వెతికేవాళ్లకి సగం పని తగ్గిస్తుంది. గెరిట్‌లో మీ చిప్‌సెట్ మీద ప్యాచ్ కనపడితే దింపుకుని వేసి చూసి "ఎక్స్230 మీద చూశాను, నిద్ర, డాక్, ఆడియో పనిచేస్తున్నాయి" అని ఒక్క ముక్క రాయండి. పనిచెయ్యకపోతే ర్యామ్ ఏది, ఎన్ని స్టిక్‌లు, పేలోడ్ ఏది అని రాయండి. "నాకు బూట్ అవ్వట్లేదు" అని ఒక్క లైను రాసి మాయమైపోయేవాళ్లు ఇప్పటికే సరిపడా ఉన్నారు.

ప్రశ్న: కోర్‌బూట్ వేశాక ఒక 8 జీబీ ర్యామ్ స్టిక్‌తో బూట్ అవుతోంది, రెండోది పెడితే స్క్రీన్ నల్లగా ఉండిపోతోంది. కంపెనీ బయోస్‌లో రెండూ పనిచేసేవి. స్టిక్ పోయిందా?

జవాబు: స్టిక్ పోయి ఉండకపోవచ్చు. మీది ఐవీ బ్రిడ్జ్ (ఎక్స్230, టీ430ల్లో ఉండే ఇంటెల్ తరం) మెషీన్ అయితే అందులో మెమరీ ట్రైనింగ్ కోడ్ ఇంటెల్ ఇచ్చింది కాదు, జనం బయట నుంచి గమనించి తిరగరాసుకున్నది, చాలావరకు అద్భుతంగా పనిచేస్తుంది గానీ కొన్ని జోడీల దగ్గర మొండికేస్తుంది. రెండో స్టిక్ ఒక్కదాన్నే పెట్టి చూడండి, తర్వాత స్లాట్ మార్చి చూడండి. ర్యామ్ మార్చాక మొదటి బూట్‌కి కొంచెం ఎక్కువ టైం పడుతుంది, పాత ట్రైనింగ్ ఫలితం పనికిరాదు కాబట్టి మళ్లీ మొదట్నుంచి కొలుచుకుంటుంది, వెంటనే పవర్ నొక్కి ఆపేయకండి. అయినా లేవకపోతే ఒకే రకం రెండు స్టిక్‌లు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టి చూసి, పైన చెప్పినట్టు వివరాలన్నీ రాసి బగ్ వెయ్యండి, ఇలాంటివే ఆ కోడ్‌కి మందు.

ప్రశ్న: టీ430కి వేరే కంపెనీ బ్యాటరీ కొన్నాను, ఛార్జ్ ఎక్కట్లేదు. కోర్‌బూట్ వేస్తే ఎక్కుతుందా?

జవాబు: ఎక్కదు. బ్యాటరీని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చేది ఎంబెడెడ్ కంట్రోలర్, అది వేరే చిప్, దాని ఫర్మ్‌వేర్ వేరు, కోర్‌బూట్ దాని జోలికి పోదు. దాన్ని అప్‌డేట్ చెయ్యాలన్నా మార్చాలన్నా కంపెనీ బయోస్ ఉండగానే చేసుకోవాలి, తర్వాత అంటే మళ్లీ పాత డంప్ వేసి వెనక్కి వెళ్లాల్సిందే. కాబట్టి ఫ్లాష్ చేసేముందే ఆ పని చూసుకోండి.

ప్రశ్న: విండోస్ 11 వేసుకోవచ్చా దీంతో?

జవాబు: మైక్రోసాఫ్ట్ అడిగేది టీపీఎం 2.0 (భద్రతా చిప్), ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, ఫర్మ్‌వేర్ మార్చితే ప్రాసెసర్ తరం మారదు కదండీ. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్‌తో అయిపోయింది కాబట్టి ఎక్స్230 లాంటి పాత మెషీన్ల మీద లైనక్స్ లేదా బీఎస్‌డీ చూసుకోవడమే మంచిది.

ప్రశ్న: ఓపెన్ సోర్స్ కాబట్టి సెక్యూరిటీ ఎక్కువే కదా? వేసేసుకుని నిశ్చింతగా ఉండొచ్చా?

జవాబు: ఓపెన్ అయితే చూడొచ్చు, చూసినంత మాత్రాన తాళం పడదు. చాలామందికి తెలియని సంగతి, కంపెనీ బయోస్ తన ఫ్లాష్ భాగాన్ని బయటివాళ్లు రాయకుండా లాక్ చేస్తుంది, అందుకే కదా మొదటిసారి క్లిప్ కావాల్సి వచ్చింది. కోర్‌బూట్ మామూలు సెట్టింగ్‌లతో బిల్డ్ చేస్తే ఆ లాక్ ఉండదు, రూట్ పర్మిషన్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) ఉన్న ఏ ప్రోగ్రామ్ అయినా చిప్ మీద రాసెయ్యగలదు. మనకి అప్‌డేట్ తేలిక, దొంగకీ తేలిక. లైనక్స్ కెర్నల్ మామూలుగా అడ్డుపడుతుంది, దాన్ని దాటడానికి కెర్నల్ కమాండ్ లైన్‌లో ఐఓమెమ్ ఈక్వల్స్ రిలాక్స్‌డ్ అని పెట్టమంటారు, ఫ్లాష్ చేసిన తర్వాత చాలామంది దాన్ని తియ్యడం మర్చిపోతారు. తియ్యండి. లాక్ కావాలంటే కాన్ఫిగ్‌లో బూట్ మీడియా లాక్ ఆప్షన్లు ఉన్నాయి, పెట్టుకుంటే తర్వాతి అప్‌డేట్‌కి కష్టం పెరుగుతుంది, ఎంచుకోవాల్సింది మీరే.

ల్యాప్‌టాప్‌ని వదిలి వెళ్లినప్పుడు ఎవరన్నా విప్పి మార్చారేమో అన్న భయం ఉన్నవాళ్లకి హెడ్స్ అని ఒక ప్రాజెక్టు ఉంది, ట్రామెల్ హడ్సన్ మొదలుపెట్టింది. కోర్‌బూట్ మీదే కూర్చుని, బూటయ్యే ప్రతి ముక్కనీ టీపీఎంలో కొలిపించి, మారితే మీకు తెలిసేలా చేస్తుంది. రోజూ వాడ్డానికి కొంచెం చాదస్తంగా ఉంటుంది కానీ ఎక్స్230 వాళ్లలో దానికి అభిమానులు ఎక్కువే.

ప్రశ్న: ఒకసారి వేసుకున్నాక ఎన్నాళ్లకోసారి అప్‌డేట్ చెయ్యాలి? ప్రతిసారీ విప్పాలా?

జవాబు: టెస్ట్ చేసి లాగ్ పంపే ఉద్దేశం ఉంటే ప్రతి రిలీజ్‌కీ, లేకపోతే అవసరం పడ్డప్పుడే. రిలీజ్ నోట్స్‌లో మీ చిప్‌సెట్ పేరు ఉందా, మైక్రోకోడ్ మారిందా, పేలోడ్‌లో సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిందా చూడండి, గ్రబ్ వాడేవాళ్లు ఆ చివరిది మాత్రం వదలొద్దు. 4.22 తర్వాత నంబర్లు ఏడాది, నెల లెక్కన మారాయి, 24.02 అంటే 2024 ఫిబ్రవరిది, మీరు ఎంత వెనకబడ్డారో ఇప్పుడు పేరు చూస్తేనే తెలిసిపోతుంది.

విప్పక్కర్లేదు, లాక్ పెట్టుకోకపోతే లోపల్నుంచే ఫ్లాష్‌రామ్‌తో వెయ్యొచ్చు. బయోస్ భాగం ఒక్కటే రాయమని చెప్పండి, డిస్క్రిప్టర్‌నీ ఈథర్నెట్ భాగాన్నీ ముట్టుకునే పనే లేదు. ఛార్జర్ పెట్టి ఉంచండి, రాసింది తిరిగి చదివి వెరిఫైడ్ అని చెప్పేదాకా రీబూట్ కొట్టకండి. వెరిఫై ఫెయిల్ అయితే మెషీన్ ఆపకుండా అలాగే మళ్లీ రాయండి, ఆన్‌లో ఉన్నంతసేపు మీకు ఇంకో ఛాన్స్ ఉన్నట్టే.

బాగా నడుస్తున్న పాత రామ్ ఫైల్ దాచుకోండి. పోయినసారి ఏ ఆప్షన్లతో బిల్డ్ చేశారో మర్చిపోయారా, కంగారేం లేదు, కోర్‌బూట్ ఇమేజ్ లోపలే కాన్ఫిగ్ అనే ఫైల్ ఉంటుంది, సీబీఎఫ్ఎస్ టూల్‌తో బయటికి తీసి కొత్త సోర్స్‌లో పెట్టుకుని మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్ కొడితే కొత్తగా వచ్చిన ఆప్షన్ల గురించి మాత్రమే అడుగుతుంది.